ఎండ మరుగైన వేళ

రాజపాళయము నుండి తెన్కాశికి పోవు బాటలో, పడమటి కనుమల పాదమున నున్న సేత్తూరు భూమధ్యరేఖకు పది డిగ్రీలకు లోపలనే యుండుటచేత, తమిళుల ఐప్పసి, కార్తిక మాసములలో ఈశాన్య ఋతుపవనము తెచ్చు మబ్బులు కొన్నాళ్లు సూర్యుని మరుగుపరచినను, అవి విడిన మరుదినముననే వరిచేలమీదను కొబ్బరితోపులమీదను నిండైన యెండ కాయును. ఇట్టి సీమలో ఎండ కొరతవలన ఎముకలు మెత్తబడు వ్యాధిని గూర్చియు, దానిని తీర్చు విటమిన్ డి మాత్రలను గూర్చియు ముచ్చటించుట అప్రస్తుతముగా తోచవచ్చును. కాని ఎండ కొరత ఋతువువలననే గాక మానవుని జీవనవిధానమువలనను కలుగునని ఈ విటమిను చరిత్ర యావత్తును చాటుచున్నది.

పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండు పారిశ్రామిక నగరములలో, బొగ్గుపొగ యాకసమును కప్పివేసిన యిరుకు సందులలో పెరిగిన పసివారికి కాళ్లు వంకరపోయి, వెన్ను వంగిపోవు రికెట్స్ వ్యాధి సర్వసాధారణమై యుండెను. జపానులో వైద్యసేవ చేసి స్వదేశమునకు మరలిన థియోబాల్డ్ పామ్ అను మిషనరీ వైద్యుడు, జపానున ఈ వ్యాధి కానరాకుండుట గమనించి, చీనా, హిందూదేశము మున్నగు తావులలోని సహచరులకు లేఖలు వ్రాసి వివరములు సేకరించి, పేదరిక మెంత యున్నను ఎండ సమృద్ధిగా గల దేశములలో రికెట్స్ అరుదని 1890లో ప్రకటించెను. నాటి వైద్యలోకము ఆ మాటను చెవిని బెట్టలేదు.

మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిదప గాని సత్యము వెల్లడి కాలేదు. బెర్లిన్‌లో కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ 1919లో పాదరసదీపపు అతినీలలోహిత కిరణములతో రికెట్స్ పిల్లలను స్వస్థపరచుటయే గాక, ఒక చేతిమీద మాత్రమే కిరణములు పడనిచ్చినను రెండవ చేతి యెముకయు బాగుపడుట చూపెను. అదే కాలమున ఎడ్వర్డ్ మెలన్‌బీ, ఇంట కట్టివేసి పెంచిన కుక్కపిల్లలకు ఆహారలోపముచే ఈ వ్యాధి కలిగించి, కాడ్‌లివర్ నూనెతో నివారించెను. ఆకలితో అలమటించుచున్న వియన్నా నగరమున హారియెట్ చిక్ అను విదుషీమణి, శీతకాలమున శిశువులకు వచ్చు రికెట్స్‌ను ఆ నూనెయు, సూర్యకాంతియు సమానముగ మాన్పునని నిరూపించెను. ఎండకును చేపనూనెకును గల యీ బాంధవ్యమే శాస్త్రజ్ఞులను దారి నడిపించెను. 1922లో అమెరికాలో మెకాలమ్ ఆ నూనెలోని ఎముకలను కాపాడు ద్రవ్యము విటమిన్ ఏ కంటె భిన్నమని తేల్చి దానికి విటమిన్ డి యని పేరిడగా, స్టెరాల్‌లకును విటమినులకును గల సంబంధమును పరిశోధించిన విన్‌డాస్ 1928లో నోబెల్ బహుమతి నందెను.

చర్మమున నుండు ఒకానొక కొవ్వుజాతి పదార్థము ఎండలోని అతినీలలోహిత కిరణముల తాకిడిచే విటమిన్ డి గా మారి, కాలేయమునను మూత్రపిండములలోను సంస్కారము పొంది, ఆహారమందలి కాల్షియమును పేగులనుండి రక్తమునకు చేర్చును. కిటికీ అద్దము ఆ కిరణములను అడ్డగించును. చర్మము నల్లనైనకొలది ఎక్కువసేపు ఎండ కావలసి యుండును. కావున ఎండగల దేశమున నున్నంత మాత్రమున చాలదు, ఎండ మేనికి సోకవలెను. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థలో హరినారాయణ్ బృందము చేసి 2007లో ప్రకటించిన పరిశోధనలో, గ్రామీణులకంటె నగరవాసుల రక్తమున ఈ విటమిను తక్కువగా నుండుటయు, ఇరువురిలోను కొరత విస్తారముగా నుండుటయు బయల్పడెను. సేత్తూరు చెంతనున్న రాజపాళయపు సీమయు 1936లో పి.ఎ.సి. రామసామి రాజా అచట నూలుమిల్లు స్థాపించిన నాటినుండి యంత్రముల నాశ్రయించి బ్రతుకుచున్నది. పగలంతయు కప్పుక్రింద పనిచేయువారికి వెలుపలి యెండ ఎంతటిదైనను దక్కునది స్వల్పమే.

ఈ లోపమును తీర్చుటకు మాత్ర సమర్థమైన సాధనము. శీతలదేశములలో దాని యావశ్యకత మరింత స్పష్టము: బ్రిటనులో శరదృతువు మొదలు వసంతారంభమువరకు సూర్యకిరణములు ఈ పనికి చాలవు గనుక, ఆ దినములలో అందరును రోజునకు 10 మైక్రోగ్రాములు, అనగా 400 యూనిట్లు, తీసుకొనుట మంచిదనియు, నల్లని చర్మము గలవారు ఏడాది పొడవునను పాటింపవచ్చుననియు 2016లో అచటి ప్రభుత్వారోగ్యశాఖ సూచించినది. ఆ దేశమున స్థిరపడిన మన తెలుగువారు దీనిని తప్పక మనసున నుంచుకొనవలెను.

అయినను మాత్రపై అతివిశ్వాసము తగదు. దాదాపు 26,000 మందిపై రోజునకు 2,000 యూనిట్ల చొప్పున జరిపిన అమెరికా పరీక్ష 2018లో వెలువరించిన ఫలితములలో, క్యాన్సరు, గుండెజబ్బుల రాకను అది తగ్గించినట్లు తేలలేదు. కొరత గలవారి ఎముకలకు అది మేలు. కొరత లేనివారికి ఔషధముగాదు. ఇక 60,000 యూనిట్ల వారపు మోతాదును వైద్యుని సలహా లేక నెలల తరబడి మ్రింగినచో, రక్తమున కాల్షియము పెరిగి మూత్రపిండములకు చేటు కలుగవచ్చును.

సేత్తూరు సీమవాసులు పని నడుమ కొంతసేపు నడిపగటి యెండలో నిలిచి, రాగిజావ, పాలు, గుడ్లు భుజించి, అనుమానమున్నచో రక్తపరీక్ష చేయించుకొని, అవసరమని వైద్యుడు చెప్పిన మోతాదులోనే మాత్ర వాడుట యుక్తము. పసివారికి, గర్భవతులకు, వెలుపలికి రాలేని వృద్ధులకు ఈ జాగ్రత్త మరింత ముఖ్యము. పామ్ మాటను పెడచెవిని బెట్టిన దోషమునకు ముప్పది యేండ్లపాటు పసివారు వంకరకాళ్లతో మూల్యము చెల్లించిరి. ఆ విద్య నేడు చేతికందియుండగా, మన మిల్లులలోను ఇండ్లలోను కూర్చుండు వారి ఎముకలు క్షీణింపకుండ చూచుట మన కర్తవ్యము.