ఐ3బార్‌లో మౌసు మీటల అమరిక

ఐ3బార్ అనేది లినక్స్ మరియు ఇతర యునిక్స్ తరహా నిర్వహణ వ్యవస్థలలో ఐ3 అనే విండో మేనేజరుతో పాటు లభించే స్థితి పట్టీ. తెర అంచున ఉండే ఈ పట్టీలో ఒకవైపు వర్క్‌స్పేసుల సంఖ్యలు, మరొకవైపు గడియారము, బ్యాటరీ, శబ్ద స్థాయి వంటి సమాచారము కనిపిస్తాయి. పట్టీపై మౌసు మీటను నొక్కినపుడు గాని, చక్రమును త్రిప్పినపుడు గాని ఏ పని జరగవలెనో వాడుకరి స్వయముగా నిర్ణయించుకొనవచ్చును.

నేపథ్యము

ఐ3 విండో మేనేజరును మైకేల్ స్టాపెల్‌బర్గ్ 2009లో విడుదల చేశాడు. ఇది ముఖ్యముగా కీబోర్డుతో నడపుటకు ఉద్దేశించినది. అయినను పట్టీ విషయములో మౌసుకు కూడా తగిన స్థానము కల్పించబడినది.

మీటల సంఖ్యలు

ఐ3కి ఆధారమైన ఎక్స్ విండో సిస్టంలో ప్రతి మీటకు ఒక సంఖ్య ఉంటుంది.

* 1 – ఎడమ మీట
* 2 – మధ్య మీట, అనగా చక్రమును నొక్కుట
* 3 – కుడి మీట
* 4 – చక్రమును పైకి త్రిప్పుట
* 5 – చక్రమును క్రిందికి త్రిప్పుట

చక్రమును త్రిప్పుట కూడా మీట నొక్కుటగానే పరిగణించబడుతుంది కనుక స్క్రోలింగుకు ప్రత్యేక నియమము లేదు. చక్రము ఒక మెట్టు కదిలిన ప్రతిసారి 4 లేదా 5వ మీటను ఒకసారి నొక్కినట్లు లెక్క.

పట్టీకి అమరిక

అప్రమేయముగా పట్టీపై చక్రమును త్రిప్పితే వర్క్‌స్పేసులు వరుసగా మారుతాయి. దీనిని మార్చుటకు ఐ3 అమరికల ఫైలులోని 'బార్' విభాగములో 'బైండ్‌సిమ్' అని వ్రాసి, దాని ప్రక్కన మీట పేరు, తరువాత ఆదేశము వ్రాయవలెను. ఏదేని ప్రోగ్రామును నడపుటకు 'ఎగ్జెక్' ఆదేశమును వాడుతారు. 'నాప్' అని వ్రాస్తే ఆ మీటకు ముందున్న పని రద్దవుతుంది. ఐ3ను పునఃప్రారంభిస్తే మార్పులు అమలులోకి వస్తాయి.

సమాచార విభాగములకు అమరిక

గడియారము, బ్యాటరీ వంటి వివరములను ఐ3బార్ స్వయముగా సేకరించదు. వేరొక ప్రోగ్రాము వాటిని జేసాన్ రూపములో అందిస్తుంది. ఆ ప్రోగ్రాము తన మొదటి పంక్తిలో 'క్లిక్_ఈవెంట్స్' అనే గుర్తును 'ట్రూ' అని ప్రకటిస్తేనే పట్టీ మౌసు సమాచారమును దానికి తిరిగి పంపుతుంది. ఇందులో విభాగము పేరు, మీట సంఖ్య, మౌసు సూచిక ఉన్న స్థానము ఉంటాయి. అర్థము చెప్పవలసినది ఆ ప్రోగ్రామే.

ఐ3తో సాధారణముగా వాడే ఐ3స్టేటస్ ఈ సమాచారమును పట్టించుకోదు. ఐ3బ్లాక్స్ మాత్రము మీట సంఖ్యను 'బ్లాక్_బటన్' అనే చరరాశి ద్వారా ఆయా విభాగపు స్క్రిప్టుకు అందజేస్తుంది. ఉదాహరణకు శబ్ద విభాగపు స్క్రిప్టులో 3 వస్తే శబ్దమును ఆపునట్లు, 4 వస్తే పెంచునట్లు, 5 వస్తే తగ్గించునట్లు వ్రాసుకొనవచ్చును.

జాగ్రత్తలు

చక్రమును ఒకసారి వేగముగా త్రిప్పితే అదే ఆదేశము పలుమార్లు అమలు కావచ్చును. అందుచేత శబ్దము, తెర వెలుగు వంటి కొద్దికొద్దిగా పెరిగి తగ్గే పనులే చక్రమునకు తగినవి. కంప్యూటరును ఆపుట వంటి పనిని చక్రమునకు గాని, తరచుగా నొక్కే ఎడమ మీటకు గాని కేటాయిస్తే భద్రపరచని పని నష్టపోవు ప్రమాదమున్నది. అటువంటి ఆదేశము నేరుగా అమలు కాకుండా, ముందుగా నిర్ధారణ కోరే స్క్రిప్టును నడపుట మేలు.

వేలాండ్‌పై

వేలాండ్ పద్ధతిలో చక్రపు కదలిక మీట కాదు, వేరొక రకపు సంకేతము. అయినను ఐ3ని పోలిన స్వే విండో మేనేజరు తన పట్టీలో 4, 5 సంఖ్యలనే కొనసాగించినది.