కరెంటును తూకం వేసిన రోజులు

కరెంటు బిల్లు వేయాలంటే తక్కెడ కావాల్సిన కాలం ఒకటుంది. 1882లో న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్‌లో ఎడిసన్ విద్యుత్ కేంద్రం మొదలైన తొలినాళ్లలో మీటరుకు ముల్లూ లేదు, అంకెలూ లేవు. ఒక సీసాలో జింకు సల్ఫేటు ద్రావణం, అందులో రెండు జింకు పలకలు. కరెంటు పారేకొద్దీ ఒకటి అరిగేది, రెండోది బరువెక్కేది. కంపెనీ మనిషి పలకలు పట్టుకెళ్లి తూచి, తేడాను బట్టి బిల్లు రాసేవాడు. చలికి ద్రావణం గడ్డకట్టకుండా పెట్టెలోనే ఓ బల్బు! ఎంత కరెంటు కాలిందో వాడుకున్నవాడికి కనిపించదు. కంపెనీ తక్కెడను నమ్మాల్సిందే.

ఏసీ వచ్చేసరికి ఈ తూకం చతికిలబడింది. క్షణక్షణం దిశ మార్చుకునే కరెంటులో పలక పోగొట్టుకున్నది మళ్లీ దానికే చేరుతుంది. 1888లో వెస్టింగ్‌హౌస్ ఇంజనీరు ఆలివర్ షాలెన్‌బర్గర్ ఒక ఆర్క్ దీపాన్ని పరిశీలిస్తుండగా, అందులో ఊడిపడిన చిన్న స్ప్రింగు తనంతట తానే తిరగడం చూశాడు. మరొకరైతే తీసి బిగించి ఊరుకునేవారు. తిప్పుతున్నది అయస్కాంత క్షేత్రమని పసిగట్టి, ఆయన దాంతోనే ఏసీ మీటరు కట్టాడు. మరుసటి ఏడాది బుడాపెస్ట్‌లోని గాంజ్ కంపెనీ ఇంజనీరు ఓటో బ్లాథీ వాట్-అవర్ మీటరుకు పేటెంటు తీసుకున్నాడు. మొన్నమొన్నటిదాకా మన గోడల మీద గిర్రున తిరిగిన అల్యూమినియం చక్రం ఆ వంశానిదే.

అసలు చిక్కు మూడు ఫేజులతో వచ్చింది. 1891లో లాఫెన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు సుమారు 175 కిలోమీటర్లు త్రీఫేజ్ కరెంటు పంపి చూపించారు. పంపడం సరే, కొలిచేదెలా? 1893లో ఫ్రెంచి ఇంజనీరు ఆండ్రే బ్లాండెల్ తేల్చిన లెక్క: తీగలు ఎన్నో, వాట్‌మీటర్లు అంతకు ఒకటి తక్కువ ఉంటే చాలు. మూడు తీగలకు రెండు, న్యూట్రల్ కూడా ఉంటే మూడు.

ఈ రెండు మీటర్ల పద్ధతి కొత్తవాళ్లను బాగా కంగారు పెట్టేది. లోడు లేకుండా తిరిగే మోటారుకు పవర్ ఫ్యాక్టర్ పడిపోతుంది. అది 0.5 దగ్గరైతే ఒక మీటరు సున్నా చూపుతుంది, ఇంకా తగ్గితే ముల్లు వెనక్కి పోతుంది. మీటరు చెడలేదు. చెయ్యి తిరిగినవాడు ఆ మీటరు కాయిలు వైర్లు తారుమారు చేసి, వచ్చిన అంకెను కూడికలోంచి తీసివేసేవాడు.

కొలవకుండా అమ్మిన సందర్భాలూ ఉన్నాయి. 1902లో శివసముద్రం నుంచి కోలారు బంగారు గనులకు వెళ్లిన కరెంటుకు ధర కట్టింది ఏడాదికి ఒక్కో హార్స్‌పవర్‌ లెక్కన. దశాబ్దాల తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పంపుసెట్లకూ హార్స్‌పవర్ లెక్కే నడిచింది. 2004లో వ్యవసాయానికి కరెంటు ఉచితమయ్యాక చాలామంది రైతులకు ఆ లెక్కా పోయింది. మీటరు లేని పొలాల వాడకాన్ని నమూనాగా ఎంచుకున్న ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు పెట్టి అంచనా కట్టాల్సి వచ్చింది.

ఇప్పుడు ప్యానెల్లో అరచేతిలో పట్టే మీటరు మాడ్యూల్ వోల్టు నుంచి యూనిట్ల దాకా అన్నీ లెక్కగట్టి, మోడ్‌బస్ మీద కంప్యూటరుకు చెబుతుంది. వైర్లతో చేసిన పనిలో సగం ఇప్పుడు అంకెలతో చేస్తారు. పొరపాటుకు మాత్రం చోటు అలాగే ఉంది. 200/5 సీటీకి (కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌కు) మాడ్యూల్లో 100/5 అని కొడితే యూనిట్లు సగమే పడతాయి. సమానమైన లోడు మీద మూడు సీటీల్లో ఒకటి తిరగేసి బిగిస్తే మొత్తంలో మూడో వంతే కనిపిస్తుంది. స్క్రీను మీది మొత్తం చూసి తృప్తిపడేవాళ్లకు ఇది ఎన్నాళ్లకూ తెలియదు.

అందుకే మాడ్యూల్ పెట్టిన రోజే మూడు ఫేజుల కిలోవాట్లనూ విడివిడిగా చూడండి. కరెంటు తీసుకునే లోడు మీద ఏదో ఒకటి మైనస్ చూపిస్తే, ముందు వోల్టేజి వైర్లు అదే ఫేజువా కాదా సరిచూసి, ఆపైన ఆ సీటీ ఎస్1, ఎస్2 వైర్లు అటూ ఇటూ మార్చండి. సప్లై ఆపకుండా మాత్రం సీటీ వైరు విప్పకండి. ప్రైమరీలో కరెంటు పారుతుండగా సెకండరీ తెరిస్తే ప్రాణం తీసేంత వోల్టేజి పుడుతుంది.