వేటచేపల పట్టికలో లేని పేరు

మృగశిర కార్తె రోజు ఉప్పల్‌లోనైనా నాచారంలోనైనా చేపల బండి దగ్గర మొదట వినిపించే ప్రశ్న ఒకటే: కొర్రమీను ఉందా? 2016 నుంచి అది తెలంగాణ రాష్ట్ర చేప కూడా. కానీ చేపల పెంపకం పాఠాలు తెరిస్తే అదే కొర్రమీను ఇంకో పట్టికలో ఉంటుంది: ఏరివేయాల్సిన వేటచేపలు. బొచ్చె, రవ్వు పిల్లల్ని వదిలేముందు నర్సరీ కుంటలో ఇప్పచెక్క వేసి కొర్రమీను, వాలుగ లాంటివాటిని చంపేయాలి. పిల్లల్ని తినేస్తాయి కదా. లెక్క సరైనదే. కాకపోతే అది బొచ్చె పెంచేవాడి లెక్క.

మరోపక్క కొత్త చేపల్ని మనమే పిలిచి తెచ్చుకున్నాం. 1928లో ఇటలీ నుంచి గంబూసియా వచ్చింది, దోమపిల్లల్ని తింటుందని. 1897లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది సికింద్రాబాద్‌లోనే కాబట్టి, ఆ భయం మనకి కొత్తేం కాదు. 1952లో తిలాపియా, చవగ్గా దొరికే తిండి అని. 1957లో బ్యాంకాక్ నుంచి బంగారుతీగ. ఎవరూ చెడు ఉద్దేశంతో తేలేదు. కానీ గంబూసియా దోమపిల్లలతో ఆగలేదు, వేరే చేపల గుడ్లూ పిల్లలూ తింది. తిలాపియా తన పిల్లల్ని నోట్లో దాచుకుని కాపాడుకుంటూ, పక్క చేపలకి తిండీ చోటూ లేకుండా చేసింది.

ఇలాంటి కథే అమెరికాలో, మనవాళ్లు బోలెడంతమంది ఉండే పోర్ట్‌లాండ్ పక్కన పారే కొలంబియా నదిది. 1938లో బోనవిల్ ఆనకట్ట, తర్వాత వరసగా మరికొన్ని. సముద్రానికి పోయే సాల్మన్ పిల్లలు ఇప్పుడు నెమ్మదిగా కదిలే, వేడెక్కిన జలాశయాలు దాటాలి. దారిలో వాటిని తినే పైక్‌మిన్నో స్థానిక చేపే. 1990ల మొదట్లో దాని తలకి వెల కట్టారు, చేపకి ఇన్ని డాలర్లని. అవే పిల్లల్ని తినే బాస్, వాలై బయటినుంచి తెచ్చినవి. గాలం వేసేవాళ్లకి అవంటే ఇష్టం. అందుకని రోజుకి ఇన్నే పట్టాలన్న పరిమితి వాటికి చాలా ఏళ్లు రక్షణగా నిలిచింది.

అక్కడైనా ఇక్కడైనా పట్టికలో చేపల పేర్లే ఉన్నాయి. నీటిని మార్చినవాడి పేరు లేదు.

కొర్రమీను గాలి పీల్చి బతకగలదు, ఆక్సిజన్ తగ్గినంత మాత్రాన చావదు. దానికి కావాల్సింది చెరువు అంచున లోతు తక్కువ, గడ్డి ఉన్న నీళ్లు. గూడు అక్కడే. ఎర్రటి పిల్లల గుంపుకి తల్లీతండ్రీ కాపలా కాసేదీ అక్కడే. మన వాడుకలో ఆ అంచుకో పేరుంది: శిఖం. ఉప్పల్ నల్లచెరువు నుంచి నాచారం వైపు చెరువుల దాకా, శిఖం మీదకి కాలనీలొచ్చాయి, నీళ్లలోకి మురుగొచ్చింది. మురుగుని తట్టుకునే తిలాపియాకి ఇల్లు మనమే కట్టిచ్చాం.

ఉప్పల్ రోడ్డులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు కాసిని చెరువు నీళ్లలోని డీఎన్‌ఏతోనే దయ్యం చేప ఉనికి పట్టేసే పద్ధతి తయారుచేశారు. అక్వేరియంల కోసం తెచ్చిన చేప అది. పద్ధతి గొప్పదే. కానీ శిఖం ఎవరి పేరు మీదకి మారిందో నీళ్లు చెప్పవు, పాత పహాణీలు చెప్తాయి. కొర్రమీను రాష్ట్ర చేప అయిన ఏడాదే చెరువుల్లోకి ఉచితంగా చేపపిల్లల్ని వదలడం మొదలైంది. వదిలినవి ప్రధానంగా బొచ్చె, రవ్వు, బంగారుతీగ. శిఖం లేని చెరువులో కొర్రమీను పిల్లల్ని వదిలినా, వాటి పిల్లలకి కాపలా కాసే చోటెక్కడ?