పన్నెండేళ్ల చెర

గౌలిపుర పక్కనే హరిబౌలి. ఆషాఢంలో పాతబస్తీ బోనాలెత్తిన మరునాడు అక్కడి మహంకాళి గుడి నుంచి అమ్మవారి ఘటం ఏనుగెక్కి నయాపూల్ దాకా సాగుతుంది. ముందు డప్పులు, పోతరాజులు, వెనక ఇసకేస్తే రాలని జనం. ఊరివాళ్లకు ఆ గుడి అక్కన్న మాదన్న గుడి. గోల్కొండ కొలువులో మంత్రులుగా ఉన్న ఆ అన్నదమ్ములు అక్కడ అమ్మవారిని కొలిచేవారని చెబుతారు. ఏనుగును చూడవచ్చిన పిల్లలకు ఆ ఇద్దరూ గొప్ప మంత్రులని చెబుతాం కానీ ఎలా పోయారో చెప్పం. వాళ్ల అక్కచెల్లెలి కొడుకు ఒకడు అదే గోల్కొండ కోటలో పన్నెండేళ్లు చెరసాలలో మగ్గాడనీ, మన నోళ్లలో నేటికీ నలుగుతున్న పాటలు అతనివేననీ కూడా గుర్తు చేయం. అతనే కంచెర్ల గోపన్న, మనం రామదాసు అని పిలుచుకునేవాడు. అతని కథను రామభక్తి కథగా వినడం అలవాటైంది. ఒక ఇల్లు కూలిపోయిన కథగా వింటే గుండె పట్టేస్తుంది.

గోపన్నది నేలకొండపల్లి, నేటి ఖమ్మం జిల్లా. తల్లి కామాంబ, తండ్రి లింగన్న. మేనమామలు హనుమకొండ వైపు నుంచి వచ్చి, సర్కారు లెక్కలు రాస్తూ మెట్టుమెట్టుగా పైకి వెళ్లినవాళ్లు. 1672లో అబుల్ హసన్ తానీషా గోల్కొండ గద్దెనెక్కాడు. రెండేళ్లు తిరక్కుండానే మాదన్న రాజ్యంలో కెల్లా పెద్ద మంత్రి అయ్యాడు. 1677లో శివాజీ హైదరాబాదుకు వస్తే ఎదురేగి మర్యాదలు జరిపిన సర్కారు మాదన్న చేతిలోదే. అటువంటి మేనమామల అండతో గోపన్నకు పాల్వంచ పరగణా తహసీల్దారీ దక్కింది. శిస్తు వసూలు చేయాలి, లెక్క రాయాలి, గోల్కొండకు పంపాలి. ఉద్యోగమంతా అంతే.

గోదావరి ఒడ్డున భద్రగిరి మీద పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీ తాటాకు పందిరి వేసి రాముణ్ణి కొలుచుకుంటోంది. గోపన్న చూశాడు. ఆ పందిరి చోట రాతి గుడి లేచింది, ప్రాకారం లేచింది, దేవుళ్లకు నగలొచ్చాయి. ఖర్చయిన సొమ్ము శిస్తు సొమ్ము. ఆరు లక్షలని జనశ్రుతి. సర్కారు ధనం సర్కారు అనుమతి లేకుండా వాడితే ఏ రాజ్యంలోనైనా శిక్ష తప్పదు. తానీషాను రాక్షసుణ్ణి చేసి చెప్పే హరికథలు నాకు రుచించవు. తప్పు జరిగింది. ఆ తప్పుకు పడిన శిక్ష మాత్రం మనిషి ఓర్చుకోగలిగినంతలో లేదు.

కోటలో బాలాహిస్సార్ దారిలో ఆ బందీఖానా ఇప్పటికీ చూపిస్తారు. పైకప్పులో కంత నుంచి దిగే వెలుగు తప్ప చీకటి. గోడ మీద రామలక్ష్మణులు, హనుమంతుడు. అవి గోపన్న చెక్కుకున్నవేనని చెబుతారు. కొరడా దెబ్బలు తింటూ ఆయన కట్టిన కీర్తనల్లో ఒకటి, ‘ఇక్ష్వాకు కులతిలక’, నన్ను ఎప్పటికీ వదలదు. జీవితమంతా జమాఖర్చు రాసిన ఉద్యోగి, జమాఖర్చు తేలకనే జైలుపాలైనవాడు, చివరికి దేవుడికే జమాఖర్చు అప్పజెప్పాడందులో. భరతుడి పచ్చల పతకానికి ఎంత, శత్రుఘ్నుడి మొలతాడుకు ఎంత, లక్ష్మణుడి ముత్యాల పతకానికి ఎంత, సీతమ్మ పతకానికి ఎంత. చరణానికొక పద్దు, పద్దుకు పదేసి వేలు. ప్రాకారం కట్టించిన ఖర్చూ వదల్లేదు. అవన్నీ పెట్టుకుని ఊరేగుతున్నావే, ఇదంతా పుట్టింటి సొమ్మా అత్తింటి సొమ్మా అన్నట్టు రాముణ్ణే నిలదీశాడు. వెంటనే మెత్తబడి, దెబ్బలకు తాళలేక నోరు జారానని బతిమాలుకున్నాడు. తిట్టిన నోరు, వేడుకున్న నోరు ఒకటే కావడంలోనే ఆ మనిషి నలిగిన తీరంతా కనిపిస్తుంది. ఇంకో పాటలో ఆ తండ్రితో చెప్పి లాభం లేదని తల్లిని పట్టుకున్నాడు, ఏకాంతవేళ నీవైనా నా మాట ఎత్తమని సీతమ్మను అడిగాడు. ఇంట్లో పెద్దమనిషి పలక్కపోతే పిల్లలు చేసే పనే అది.

మరి మేనమామలు? రాజ్యం వాళ్ల చేతిలో ఉండగా మేనల్లుడు చీకట్లో ఎందుకున్నాడు? నాకు తోచేది ఒకటే. మాదన్న చుట్టూ శత్రువులే. దక్కనీ అమీర్లకు అతని పెత్తనం కంటగింపు, మొగలు పాదుషా ఔరంగజేబుకు అతని పేరే పడదు. చెల్లించవలసిన శిస్తును సొంత మేనల్లుడి విషయంలో మాఫీ చేయించుకుంటే ఆ రోజే పదవి పోయేది. పదవి కోసం మేనల్లుణ్ణి వదులుకున్నాడని అనాలో, రాజ్యం కోసం వదులుకున్నాడని అనాలో తేల్చలేను. ఆ పదవీ నిలవలేదు, ఆ రాజ్యమూ నిలవలేదు.

రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీ అనే ఇద్దరు యువకులుగా వచ్చి రాత్రివేళ తానీషా ముందు బాకీ కుమ్మరించి రసీదు రాయించుకున్నారనీ, తెల్లారి చెర వీడిందనీ కథ. గోపన్న భద్రాద్రికి చేరాడు. చెరలో పోయిన పన్నెండేళ్లు చేరలేదు.

1686 మార్చిలో గోల్కొండ వీధిలో అక్కన్న మాదన్నలను నరికి చంపారు. మాదన్న తల మొగలు శిబిరానికి వెళ్లింది. ఆ కానుకతో ఔరంగజేబు శాంతిస్తాడనుకున్నవాళ్లు పొరపడ్డారు. మరుసటి ఏడే ముట్టడి వచ్చింది. ఎనిమిది నెలలు కోట లొంగలేదు. సెప్టెంబరులో లోపలివాడే తలుపు తీశాడు. తానీషా సేనాని అబ్దుల్ రజాక్ లారీ ఒంటినిండా గాయాలతో పోరాడాడు. గోపన్నను చెరలో వేసిన తానీషా తానే బందీ అయి దౌలతాబాదు కోటకు వెళ్లాడు, అక్కడే చనిపోయాడు. తనకు ముందు ఏలిన సుల్తానుల పక్కన, కుతుబ్‌షాహీ సమాధుల తోటలో అతనికి చోటు దొరకలేదు.

మిగిలింది పాట. గోల్కొండ పోయాక అది కావేరి తీరందాకా నడిచి వెళ్లింది. తమిళనాట భజన సంప్రదాయంలో రామదాసు కీర్తనలకు నేటికీ చోటుంది, తెలుగు మాట్లాడని గొంతులు కూడా వాటిని పాడతాయి. త్యాగరాజు తన దేవగాంధారి కృతి ‘క్షీరసాగర శయన’లో రామదాసు చెర వీడిన వైనాన్ని తలచుకున్నాడు. గుంటూరు నుంచి తూము నరసింహదాసు భద్రాచలం వెళ్లి, కళ తప్పిన ఆ గుడి సేవకు తన బతుకు ధారపోశాడు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతులో ‘పలుకే బంగారమాయెనా’ రేడియో ఉన్న ఇంటింటికీ చేరింది. 1980లో ‘శంకరాభరణం’ రామదాసు కీర్తనలను సినిమా హాళ్లకు తెచ్చింది, 2006లో ‘శ్రీరామదాసు’ మరో తరానికి వినిపించింది. వీళ్లందరికన్నా ఎక్కువ మూల్యం చెల్లించింది చిత్తూరు నాగయ్య. 1964లో తానే నిర్మాతై, దర్శకుడై, రామదాసై సినిమా తీశాడు. ఉన్నదంతా అందులో పోయింది. దానానికి పేరుపడ్డ ఆ చేతికి చివరి రోజుల్లో లేమి తప్పలేదు. 1973లో కన్నుమూశాడు.

నా బాధ ఒక్కటుంది. ఈ పాటలు ఎంత తీయగా పాడితే అంత తేలిగ్గా, వాటిని కట్టినవాడి వీపు మీది దెబ్బలు మరచిపోతున్నాం. ‘పలుకే బంగారమాయెనా’ పాడే ఆనందభైరవి హాయిలో, దేవుడు పలకడం లేదన్న ఏడుపు వినబడదు. కచేరీల్లో సమయం చాలదని చరణాలు తగ్గించడం మామూలే, తగ్గించినప్పుడు మొదట పోయేవి ‘ఇక్ష్వాకు కులతిలక’లోని ఆ పద్దులే. పాడే పెద్దలను అడిగేది ఇంతే. శ్రీరామనవమి పందిట్లో ఒక్క రాత్రికైనా ఆ లెక్కంతా, పతకం పతకంగా, ప్రాకారందాకా పాడండి. తిట్టిన చరణాన్ని నవ్వుతూ దాటేయకండి.