రియల్ ఏల్: పీపా తెరిస్తే మూడు రోజులే.. మూతపడ్డ పబ్‌ను కొనేసిన ఊరు!

ఇంగ్లండ్ పల్లెల్లో పబ్ అంటే డీజే, డ్యాన్స్ ఫ్లోర్ కాదు.. ఊరంతా కలిసి తిని, తాగి, కబుర్లు చెప్పుకునే చోటు. అక్కడి స్పెషల్ ‘రియల్ ఏల్’. ఈ బీరు పీపాలోనే రెండోసారి పులుస్తుంది. బయటి గ్యాస్ ఎక్కించరు. హ్యాండ్ పంపుతో లాగి గ్లాసులో పోస్తారు. పీపా తెరిచాక దాదాపు మూడు రోజుల్లో అమ్ముడుపోవాలి, లేదంటే రుచి పోతుంది. అంటే రోజూ జనం వస్తేనే గిట్టుబాటు.

నార్త్ యార్క్‌షైర్‌లోని హడ్స్‌వెల్ గ్రామంలో ఉన్న ఒక్క పబ్ ‘జార్జ్ అండ్ డ్రాగన్’ 2008లో మూతపడింది. గ్రామస్థులే షేర్లు వేసుకుని కొని, 2010లో మళ్లీ తెరిచారు. అందులోనే చిన్న కొట్టు, లైబ్రరీ కూడా పెట్టారు. కట్ చేస్తే.. రియల్ ఏల్ కోసం 1971 నుంచి పోరాడుతున్న కామ్రా సంస్థ, 2016కి గాను దేశంలోనే బెస్ట్ పబ్‌గా దీన్నే ఎంపిక చేసింది.