శవరాశి నడుమ శ్రుతప్రకాశిక

క్రీ.శ. 1323లో ఢిల్లీ సేనలు శ్రీరంగాన్ని ముట్టడించగా, పిళ్లై లోకాచార్యులు ఉత్సవమూర్తి నంపెరుమాళ్లను తీసుకొని దక్షిణదిశగా తరలిపోయారు. క్షేత్రంలోనే నిలిచినవారిలో వయోవృద్ధులైన సుదర్శనసూరి ఒకరు. భగవద్రామానుజుల శ్రీభాష్యానికి ఆయన రచించిన విపులవ్యాఖ్యానమే శ్రుతప్రకాశిక. ఆ తాళపత్రాలనూ, తన ఇరువురు కుమారులనూ వేదాంతదేశికులకు అప్పగించి, తాను మృత్యువునకు సిద్ధపడ్డారని సంప్రదాయజ్ఞుల కథనం.

ఆ రాత్రి దేశికులు బాలురతో, గ్రంథంతో శవరాశి నడుమ కదలక మెదలక పడి ఉన్నారట. పసివారు ఒక్కసారి ఏడ్చినా సర్వం ముగిసేది. శౌచాన్ని ప్రాణసమానంగా పాటించే శ్రోత్రియునికి ఆ శవస్పర్శ ఎంతటి పరీక్షయో ఆచారవంతులకు వేరుగా చెప్పనక్కరలేదు.

అనంతరం ఆయన కర్ణాటకదేశం చేరి, ఆ వ్యాఖ్యానాన్ని శిష్యులకు బోధించారు. శ్రీరంగవాసులకు అభయం కలగాలని ప్రార్థిస్తూ అభీతిస్తవం రచించినది ఆ ప్రవాసకాలంలోనే అంటారు.

పలుచోట్ల తిరిగిన నంపెరుమాళ్లు తిరుమలలోనూ ఆరాధన లందుకొన్నారు. అక్కడి రంగనాయకమండపం పేరు అందుకు గుర్తు. విజయనగర సేనాని గోపనార్యుడు 1371లో స్వామిని మరల శ్రీరంగానికి చేర్చాడు. ఆ పునరాగమనాన్ని కీర్తించే సంస్కృతశ్లోకాలు ఆలయకుడ్యంపై నేటికీ ఉన్నాయి.