నెట్టు ముందర ఏడడుగులు

స్వర్ణోత్సవ కమిటీ మొదటి సమావేశంలో అన్నింటికీ అందరూ సరే అన్నారు. గురువులకు సన్మానం సరే, మధ్యాహ్నం భోజనంలోకి రాగిసంగటి సరే. మన పాత బాల్ బ్యాడ్మింటన్ కోర్టు ఉన్నచోట సున్నంతో పికిల్‌బాల్ కోర్టు గీసి, ఉత్సవం రోజు పొద్దున పాత విద్యార్థులం, ఇప్పటి పిల్లలు కలిసి ఆడదామన్న నా మాటకు కూడా సరే అన్నారు. పేచీ వచ్చింది ఒక్క గీత దగ్గరే. నెట్టుకు ఇటు ఏడడుగుల దూరంలో ఒకటి, అటు ఏడడుగుల దూరంలో ఒకటి గీత ఉండాలని, ఆ గీత లోపల నిలబడి బంతిని గాలిలో ఉండగానే కొట్టకూడదని నేను చెప్పేసరికి, నా పాత మిత్రుడొకడు లేచి, "యాభై ఏండ్ల తర్వాత కలుస్తాండాం. ఈ గీతలు గీసుకొని కొట్లాడేది ఎందుకప్పా? ఆ రూలొకటి తీసేయ్" అన్నాడు. నలుగురు నవ్వి, అవునన్నారు.

ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ గీత కథ మొదటినుంచి చెప్తే గాని విషయం తేలదని ఇంటికొచ్చాక అనిపించింది. సంచికలో చోటిచ్చారు కాబట్టి ఇక్కడ చెప్తున్నాను.

కథ మన దేశంలోనే, పూణేలో మొదలవుతుంది. 1870ల నాటికి అక్కడి దండులో ఉన్న ఇంగ్లీషు అధికారులు ఈకల బంతితో, నెట్టు కట్టుకొని ఒక ఆట ఆడేవారు. ఆ ఆటకు 'పూనా' అనే పేరు కూడా ఉండేది. సెలవుల్లో ఇంటికి వెళ్ళినవాళ్ళు దాన్ని ఇంగ్లండుకు తీసుకుపోయారు. గ్లాస్టర్‌షైర్‌లో బోఫోర్ట్ డ్యూక్ గారి భవనం పేరు బ్యాడ్మింటన్. ఆ పేరే ఆటకు నిలిచింది. 1893లో ఇంగ్లండులో బ్యాడ్మింటన్ సంఘం ఏర్పడి నియమాలను ఒక దారికి తెచ్చింది. జంటలు ఆడే కోర్టు పొడవు 44 అడుగులు, వెడల్పు 20 అడుగులు. ఈ రెండు అంకెలు గుర్తుంచుకోండి. మళ్ళీ వస్తాయి.

ఈకల బంతి ఆరుబయట గాలికి నిలవదు. దక్షిణాదిన దానికి బదులు ఉన్ని బంతి వచ్చింది. తంజావూరు రాజకుటుంబం ఆదరణతో పెరిగిన ఆ ఆటే మనం బడిలో ఆడిన బాల్ బ్యాడ్మింటన్. 1954లో దానికి జాతీయ సమాఖ్య ఏర్పడింది. పక్కకు ఐదుగురు, పచ్చని ఉన్ని బంతి, 24 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు కోర్టు. తెలుగునాట ఈ ఆట పేరు చెప్తే మొదట తలవాల్సింది జమ్మలమడక పిచ్చయ్యగారిని. వరంగల్‌లో స్థిరపడిన ఆయన 1970లో బాల్ బ్యాడ్మింటన్‌కు అర్జున పురస్కారం అందుకున్నారు. నూరేళ్ళు దాటి బతికి 2021లో కన్నుమూశారు. నల్లమల వైపునుంచి గాలి తిరిగిందంటే మన మైదానంలో ఉన్ని బంతి కూడా అనుకున్నచోట పడేది కాదు. అయినా సాయంత్రం గంట కొట్టగానే ఆ కోర్టు దగ్గరికే పరిగెత్తేవాళ్ళం.

ఈ రెండు ఆటల్లోనూ నెట్టు దగ్గర ఒక గీత ఉంది. బ్యాడ్మింటన్‌లో అది నెట్టుకు ఆరున్నర అడుగుల దూరం, బాల్ బ్యాడ్మింటన్‌లో ఒక మీటరు. రెండింటి పనీ సర్వీసు వరకే. సర్వీసు ఆ గీత దాటి పడిందా లేదా అని చూస్తారు. ఆ తర్వాత నెట్టుకు ఆనుకొని నిలబడినా ఎవరూ అడగరు. పికిల్‌బాల్ గీత అలాంటిది కాదు. ఆట సాగినంతసేపూ అది కాపలా కాస్తుంది. ఆ తేడా ఎందుకొచ్చిందో తెలియాలంటే 1965కు వెళ్ళాలి.

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో సియాటిల్ నగరానికి ఎదురుగా బెయిన్‌బ్రిడ్జ్ అనే దీవి ఉంది. ఆ ఏడాది ఎండాకాలంలో ఒకరోజు జోయెల్ ప్రిచర్డ్, ఆయన స్నేహితుడు బిల్ బెల్ గోల్ఫ్ ఆడి ఇంటికొచ్చేసరికి ఇంట్లో వాళ్ళకు ఏమీ తోచక కూర్చుని ఉన్నారు. ప్రిచర్డ్ అప్పటికి రాష్ట్ర శాసనసభ్యుడు. తర్వాతి కాలంలో అమెరికా ప్రతినిధుల సభకు వెళ్ళాడు. ఇంటి దగ్గర పాత బ్యాడ్మింటన్ కోర్టు ఉంది కానీ రాకెట్లు సరిపడా దొరకలేదు. టేబుల్ టెన్నిస్ బ్యాట్లు, చిల్లులున్న ప్లాస్టిక్ బంతి చేతికొచ్చాయి. వాటితోనే మొదలుపెట్టారు. మొదట నెట్టు బ్యాడ్మింటన్ ఎత్తులోనే, అంటే 60 అంగుళాల్లో ఉండేది. తారు నేల మీద బంతి బాగా లేస్తోందని గమనించి నెట్టును 36 అంగుళాలకు దించారు. తర్వాతి వారాంతంలో బార్నీ మెకాలమ్ వచ్చి కలిశాడు. ముగ్గురూ బ్యాడ్మింటన్‌ను ముందుంచుకొని నియమాలు రాసుకున్నారు. ఇంటిల్లిపాదీ కలిసి ఆడగలగాలి అన్నదే వాళ్ళ ఉద్దేశం.

పికిల్ అంటే ఊరగాయ కదా అని మనవాళ్ళు నవ్వుతారు. పడవ పందాల్లో వేరే జట్లలో మిగిలిపోయిన వాళ్ళందరినీ కలిపి కట్టిన జట్టు పడవను పికిల్ బోట్ అంటారు. ఈ ఆట కూడా అక్కడొకటి, ఇక్కడొకటి తెచ్చి కలిపిందే కాబట్టి ప్రిచర్డ్ భార్య జోన్ ఆ పేరు పెట్టిందని ఆ కుటుంబం చెప్పింది. వాళ్ళ కుక్క పేరు పికిల్స్ అని, దాని పేరే ఆటకు వచ్చిందని ఇంకో కథ ఉంది. కుక్క తర్వాత వచ్చిందని, దానికే ఆట పేరు పెట్టామని కుటుంబం వాళ్ళ మాట.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. బ్యాడ్మింటన్ కోర్టు చిన్నది. అయినా ఆట నడుస్తుంది. నెట్టు ఐదడుగుల ఎత్తు, పైగా ఈకల బంతి ఎంత గట్టిగా కొట్టినా దారిలో వేగం తగ్గిపోతుంది. టెన్నిస్ నెట్టు నడుమ మూడడుగులే. అయినా ఆట నడుస్తుంది. అక్కడ నెట్టు నుంచి వెనక గీతకు 39 అడుగులుంటుంది కాబట్టి వెనకున్నవాడికి కదలడానికి సమయం దొరుకుతుంది. పికిల్‌బాల్ కోర్టు బ్యాడ్మింటన్‌ది, అదే 44, అదే 20. నెట్టేమో టెన్నిస్‌ది, అంచుల దగ్గర 36 అంగుళాలు, నడుమ 34. అంటే నెట్టు పొట్టిది, వెనక ఉన్న చోటు 22 అడుగులే. ఇలాంటి చోట పొడుగ్గా ఉన్న మనిషి నెట్టుకు ఆనుకొని నిలబడి, వచ్చిన ప్రతి బంతినీ గాలిలోనే కిందికి దంచితే అవతలివాళ్ళు చేయగలిగింది ఏమీ లేదు. రెండు దెబ్బల్లో పాయింటు అయిపోతుంది. ఇంటిల్లిపాదీ ఆడే ఆట ఒక్క బలవంతుడి ఆటగా మారుతుంది.

అందుకే నెట్టు ముందు ఏడడుగుల మేర వాలీ నిషిద్ధం. వాలీ అంటే బంతి నేల తాకకముందే కొట్టడం. వెనక మిగిలిన 15 అడుగుల్లో నిలబడి కొట్టుకోవచ్చు. ఈ ఏడడుగుల జాగాను ఆడేవాళ్ళంతా కిచెన్ అంటారు. షఫుల్‌బోర్డ్ అనే ఆటలో మార్కులు పోయే గడికి ఆ పేరుంది, అక్కడినుంచే వచ్చిందని ఎక్కువమంది చెప్తారు. మనకైతే వంటిల్లు అనుకుంటే సులభంగా గుర్తుంటుంది. చెప్పులు విడిచి, పని ఉన్నప్పుడు వెళ్ళాలి. పని అయ్యాక బయటికి రావాలి.

ఈ నియమాన్ని తప్పుగా అర్థం చేసుకునే చోట్లు నాలుగైదు ఉన్నాయి. ఉత్సవం రోజు గొడవ పడకుండా ముందే చెప్తున్నాను. ఒకటి, కిచెన్‌లోకి అసలు వెళ్ళకూడదని కొందరు అనుకుంటారు. ఎప్పుడైనా వెళ్ళవచ్చు, ఎంతసేపైనా ఉండవచ్చు. బంతి ఒకసారి నేల మీద పడి లేస్తే అక్కడే నిలబడి కొట్టవచ్చు. గాలిలో కొట్టడమే తప్పు. రెండు, గీత కూడా కిచెన్‌లో భాగమే. వాలీ కొట్టేటప్పుడు బొటనవేలు గీత మీద ఉన్నా ఫౌలే. మూడు, నిషేధం నేలకే గాని గాలికి కాదు. కాళ్ళు బయట ఉంచి, బ్యాటు గీత మీదుగా లోపలికి చాచి కొట్టవచ్చు. నాలుగు, లోపలికి వెళ్ళినవాడు మళ్ళీ వాలీ కొట్టాలంటే ముందు రెండు కాళ్ళూ బయట నేలను తాకాలి. ఐదు, వాలీ కొట్టిన ఊపులో ముందుకు తూలి గీత తొక్కినా ఫౌలే. ఈలోపు బంతి అవతల పడి పాయింటు అయిపోయినా సరే. తలమీది టోపీ జారి లోపల పడినా అంతే. సర్వీసు కూడా కిచెన్ గీతను దాటి పడాలి. గీత మీద పడినా చెల్లదు.

ఈ గీత వల్ల ఆటలో కొత్త విద్య ఒకటి పుట్టింది. బంతిని మెల్లగా, నెట్టు మీదుగా అవతలి కిచెన్‌లో పడేలా వదులుతారు. దాన్ని డింక్ అంటారు. అవతలివాడు ఎంత బలవంతుడైనా ఆ బంతిని గాలిలో దంచలేడు, కిందపడి లేచేదాకా ఆగాలి. లేచింది నెట్టుకన్నా తక్కువ ఎత్తులోనే కాబట్టి అతనూ మెల్లగానే తిరిగి వదలాలి. అరవై దాటిన చేతికీ, పన్నెండేళ్ళ చేతికీ సమానంగా చేతనయ్యే పని ఇది. 1976లో వాషింగ్టన్ రాష్ట్రంలోని టక్విలాలో మొదటి టోర్నమెంటు జరిగింది. 1984లో అమెరికాలో సంఘం ఏర్పడి నియమాల పుస్తకం వచ్చింది. 2022లో వాషింగ్టన్ దీన్ని తమ రాష్ట్ర క్రీడగా ప్రకటించింది. కెనడాలో ఈ ఆట చూసిన సునీల్ వలావల్కర్ దీన్ని ముంబైకి తెచ్చారు. 2008లో అక్కడే అఖిల భారత సంఘం మొదలైంది. ఇప్పుడు హైదరాబాద్‌లో సాయంత్రాలు కోర్టులు ఖాళీ ఉండటం లేదు. పూణేనుంచి వెళ్ళిన కోర్టు కొలతలు ఇన్నేళ్ళకు ఇలా తిరిగొచ్చాయి.

నేను దీన్ని నేర్చుకున్నది డాలస్ దగ్గర, మా అమ్మాయి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు. సాయంత్రం పార్కులో మనలాంటి తెలుగు పెద్దవాళ్ళే ఎక్కువ. ఒకరోజు నా మనవరాలి జట్టు మీద ఆడుతూ ఎత్తుగా వచ్చిన బంతిని గాలిలోనే దంచాను. అది అవతల పడి బయటికి పోయింది. గెలిచానని చేతులెత్తేలోగా, "తాతా, నీ కాలు గీత మీద పడింది" అంది. బంతి అప్పటికే పోయింది కదా అని వాదించాను. ఆ పిల్ల గొడవ పడలేదు. "ఊపులో పడినా ఫౌలే తాతా. రిఫరీ లేనప్పుడు ఎవరి ఫౌలు వాళ్ళే చెప్పుకోవాలి" అని బంతి తీసుకొని సర్వీసుకు వెళ్ళిపోయింది. గీత తొక్కిన సంగతి నాకు తెలుసు. తెలిసే వాదించాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గుర్తొచ్చింది మన మైదానంలోని ఇంకో గీత. చెడుగుడులో కూతకు వెళ్ళినవాడు ఎవరినీ తాకకపోయినా బాక్ లైను దాటి రావాలి. లేకపోతే అవుట్. ఇప్పటి లెక్కలో మగవాళ్ళ కోర్టులో అది నడిమి గీతకు 3.75 మీటర్లు. పదో తరగతిలో ఎ సెక్షన్‌కూ, బి సెక్షన్‌కూ జరిగిన పోటీలో చివరి కూత నాది. మేము ఒక్క పాయింటు ముందున్నాం. గీత దాటి తిరిగొస్తే చాలు. జానెడు దూరంలో భయపడి తిరిగొచ్చాను. మూలలో ఉన్న బి సెక్షన్ పిల్లవాడు "దాటలేదు సార్" అని అరిచాడు. డ్రిల్ సారు నన్ను పిలిచి, "దాటినావా రా?" అని అడిగారు. "దాటినాను సార్" అన్నాను. ఆయన ఇంకేమీ అడగకుండా విజిల్ ఊదారు. మేము గెలిచాం. ఆ పిల్లవాడిని అబద్ధాలకోరు అని మా సెక్షన్ వాళ్ళు చాలా రోజులు ఏడిపించారు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను.

ఆ పిల్లవాడే మొన్న కమిటీలో లేచి, ఈ గీతలు ఎందుకప్పా అన్న నా మిత్రుడు. అతనికి ఆ రోజు గుర్తుందో లేదో నేనెప్పుడూ అడగలేదు. నేను దాటలేదు. అతను చెప్పిందే నిజం. డ్రిల్ సారు ఉండగానే ఒప్పుకోవాల్సింది. ఆయన లేరు కాబట్టి మీ అందరి ముందు ఒప్పుకుంటున్నాను.

అందుకే ఆ గీతను తీసేయొద్దని నా మనవి. గీత లేకపోతే మనలో మోకాళ్ళు నొప్పులున్నవాళ్ళు, బడిలోని చిన్న పిల్లలు రెండో పాయింటుకే పక్కన కూర్చోవాల్సి వస్తుంది. గీత ఉంటే అందరూ ఆడవచ్చు. కొట్లాట మాటంటారా, ఎవరి ఫౌలు వాళ్ళే చెప్పుకుంటే కొట్లాట ఉండదు. ఉత్సవం రోజు పొద్దున ఆరు గంటలకల్లా సున్నం, కొలత టేపు తీసుకొని మైదానంలో ఉంటాను. నా మిత్రుడు కూడా వచ్చి టేపు రెండో కొస పట్టుకోవాలని కోరుతున్నాను. మొదటి ఆట మా ఇద్దరిది ఒకే జట్టు. నా కాలు గీత తొక్కితే అతను అరవాల్సిన పని లేదు. నేనే చెప్తాను.